కనబడకపోతే

ఓడ కంపెనీ మాటిచ్చింది:
పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా
ధ్రువకాంతి కనబడకపోతే
ఇంకో ప్రయాణం ఉచితం.
టికెట్టు వెనక, చీమ తలకాయలంత అక్షరాల్లో.

భూతద్దం పెట్టి అది చదివింది
మూడొందల మందిలో బోర్గిల్డ్ ఒక్కతే అనుకుంటాను.

నేను రాత్రి కాపలావాణ్ని.
పన్నెండు నుంచి ఆరుదాకా డెక్కుమీద పచార్లు చేస్తూ
చీకటికేసి చూడ్డమే నా కొలువు.
వెలుగు కనబడితే మైకులో చెప్పాలి,
లాగ్ పుస్తకంలో మూడు గళ్ళు నింపాలి:
వేళ, దిక్కు, బలం.

బెర్గెన్‌లో ఓడెక్కిన రోజే చెప్పింది,
ఓలెసుండ్ పోస్టాఫీసులో నలభై ఏళ్ళు
ఊరందరి ఉత్తరాలూ గూళ్ళలో వేసిందట.
"నాకొచ్చినవి కరెంటు బిల్లులే,
అందుకే ఉత్తరాన్నే వెతుక్కుంటూ బయల్దేరాను."

మొదటి రాత్రి మబ్బు. రెండో రాత్రి మబ్బు.
బూడో దగ్గర మంచు, అడ్డంగా, సూదుల్లా.
ట్రోమ్సోలో వాన. జనవరిలో వాన!
జనం నన్ను చూసి మూతి ముడిచేవాళ్ళు
మబ్బుల్ని నేనే మేపుతున్నట్టు.
ఆవిడ మాత్రం
రెండింటివేళ ఊలుచెప్పులతో లాంజిలోకొచ్చి
కిటికీకి వీపు పెట్టి అల్లుకుంటూ కూచునేది.
"ఇంకా ఏమీ లేదు కదా?"
"లేదు."
"పాపం," అనేది,
కాఫీలో ఇంకో చక్కెర ముక్క వేసుకుని.

ఏడో రాత్రికి అర్థమైంది నాకు.
పొద్దున్నే ఎవరో "బాగా నిద్రపట్టిందా" అని అడగడం.
వేడివేడి చేప, తను వండనిది.
బల్లమీద తన పేరున్న చిన్న అట్టముక్క.
ఎదురుగా ఎవరో కూచుని ఉప్పు అందుకోమనడం.
ఇవన్నీ ఇంకో పన్నెండు రోజులు.

తొమ్మిదో రాత్రి. స్వోల్వేర్ దాటాం.
తెల్లారితే ఆర్కిటిక్ వలయం దాటి దక్షిణానికి.
ఈ ఒక్క రాత్రీ గట్టెక్కితే చాలు ఆవిడకి.

మూడుంబావుకి మబ్బు చిరిగింది.
మొదట అది వెలుగులా ఉండదు, ఈ సంగతి ఎవరూ చెప్పరు.
ఎవరో కాల్చి వదిలిన పొగలా బూడిదరంగు చార.
కెమెరాకి పచ్చన, కంటికి అనుమానం.
లాంజి అద్దంలోంచి బోర్గిల్డ్
నేను పైకి చూడ్డం చూసింది.
సూదులు ఆగాయి.
తల అడ్డంగా, ఉందో లేదో అన్నంత ఊపింది.

మైకు చేతిలో ఉంది.
కింద క్యాబిన్లో యోరిట్, ఏడేళ్ళవాడు,
తొమ్మిది రాత్రులుగా మంచుకోటు విప్పకుండా పడుకుంటున్నాడు,
బూట్లు తలదగ్గర పెట్టుకుని.
ఒక నిమిషం ఆగాను.
సరే, రెండు నిమిషాలు.
చెప్పాను.

తలుపులు, మెట్లు, పరుగులు.
డ్రెస్డెన్ పళ్ళ డాక్టరు పైజమా మీదే వచ్చేశాడు.
అప్పటికి ఆకాశం నిజంగానే పచ్చబడి
కొండ వెనకనుంచి మడత మడతా విప్పుకుంటోంది.
అందరి నోళ్ళూ ఒక్కలా తెరుచుకున్నాయి,
గూట్లో పిట్టపిల్లల్లా.
యోరిట్ అడిగాడు: "దీనికి చప్పుడు లేదేం?"

చిట్టచివర వచ్చింది బోర్గిల్డ్.
చూసింది. చాలాసేపు.
ముక్కు తుడుచుకోడానికి తెల్ల రుమాలు తీసింది.
నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకుంది.
వార్డోలో మా నాయనమ్మ అనేది:
దానిముందు తెల్లగుడ్డ ఊపకురా,
దిగొచ్చి ఎత్తుకుపోతుంది.

"ఎత్తుకుపోతుందా?" అంది బోర్గిల్డ్.
"ఎంత దూరం?"
చెయ్యి విడిపించుకుని
రెండుసార్లు ఊపింది, రేవులో వీడ్కోలు చెప్పినట్టు.
ఏమీ జరగలేదు.
ముక్కు ఇంకాస్త ఎర్రబడింది, అంతే.

వేళ: మూడూ పదిహేడు. దిక్కు: వాయవ్యం.
బలం దగ్గర పెన్ను గడ్డకట్టింది.
ఊది, చంకలో పెట్టుకుని వేడిచేసి
"ఓ మోస్తరు" అని రాశాను.

డ్యూటీ దిగి టిఫినుకి వెళ్తే
పళ్ళ డాక్టరుకి ఉప్పు అందిస్తోంది.
రెండో చేత్తో, బల్ల కిందనుంచి,
పేరున్న అట్టముక్కని సంచీలోకి జారుస్తోంది.
అది కంపెనీ ఆస్తి.

నేను చూడలేదు.